మైకు కిరాయి

జూలై పదిహేడు.
మా దుకాణం డైరీల ఆ తారీఖు కింద
ముందుగాల్నే రాసి ఉంటది:
కోఠి, రాయి కాడ, ఒక మైకు, ఒక డబ్బా, గంటసేపు.
పెండ్లికి నాలుగు డబ్బాలు, నిమజ్జనానికి పదహారు,
యుద్ధానికి ఒక్కటే.

మా నాయిన పుత్లీబౌలిల షట్టర్ ఎత్తిన కాడికెల్లి
ఈ గిరాకీ ఉన్నది.
అప్పుడు నలభై మంది వచ్చేటోళ్లంట, కందీళ్లు పట్టుకొని.
ఇయ్యాల లెక్కపెట్టిన, పదకొండు.
అందుల ఇద్దరు బస్సు కోసం నిలబడ్డోళ్లు.

గులాం దస్తగీర్ సాబ్ గొడుగు కింద కాయితం మడత విప్పిండు.
ఆర్టీసీల కండక్టర్ చేసి దిగిండు,
ఏం చదివినా స్టాపులు పిలిచినట్టే ఉంటది.
"పద్దెనిమిది వందల యాభై ఏడు. సాయంత్రం.
బేగంబజార్ దిక్కుకెల్లి గుంపు.
తెల్లదొర కోఠీకి ఎదురుంగ రెండు ఇండ్లు పట్టుకున్నరు.
రాత్రంత కాల్పులు.
తెల్లారెవరకు ఇండ్లు ఖాళీ."

అంతే. ఒక్క రాత్రి.
మొన్న మా గల్లీల బరాత్ అంతకంటె లంబ నడిచింది
అనుకొని, మళ్ల నేనే చెంపలేసుకున్న.

తెలిసిన పేర్లు ఒక చేతి వేళ్లకు చాలు.
తెల్వనోళ్లందరికి కలిపి రెండు నిమిషాల మౌనం.
మౌనానికి మైకు బందు పెట్టాల్నా వద్దా?
మొదటేడు బందు పెట్టిన. సాబ్ కండ్లెర్ర జేసిండు.
"చాలూ రఖో బేటా. వాళ్లు మాట్లాడితే?"

గప్పటికెల్లి రెండు నిమిషాలు మైకు ఖాళీగ నిలబడి
కోఠిని వింటది.
పది రూపాలకు రెండు పది రూపాలకు రెండు,
దిల్‌సుఖ్‌నగర్ దిల్‌సుఖ్‌నగర్,
పాత గైడుకు బేరం, కాలేజీ గేటు కాడ ఆడివిల్లల నవ్వు,
రేకుల మీద వాన.
అన్నీ పెద్దగై మళ్ల మా నెత్తి మీదనే పడుతయి.

ఈ యేడు మౌనం అయినంక
బాలనర్సమ్మ ముందుకొచ్చింది.
పొద్దుగాల వచ్చి రాయి మీది పోస్టర్లు
(మూలశంక వైద్యం, లేడీస్ హాస్టల్, గది కిరాయికి)
బ్లేడుతోని గీకేది ఆమెనే.
తడిసిన నారింజ కోటు, చంకల చీపురు.
"నాకొక్క మాట ఇయ్యుండ్రి."

మైకును కాగే గిన్నె పట్టుకున్నట్టు పట్టుకున్నది.
"సారూ, తెల్లారెవరకు ఇండ్లు ఖాళీ అంటిరి.
మరి రోడ్డు?
రాత్రంత కాల్చుకుంటే రోడ్డు మీద ఎన్ని ఉండాలె.
నెత్తురు, గుర్రాల పెంట, పలిగిన పెంకలు.
చెప్పులు.
ఏ గలాటైనా చెప్పులే మస్తుగుంటయి సారూ, నాకెర్క.
గదంత ఎవరు ఊడ్చిన్రు?
మీ కాయితంల ఉన్నదా?"

సాబ్ కాయితం తిరగేసిండు.
ముందటి సిరా తడిసి వెనుకకు దిగింది, ఉల్టా అక్షరాలు.
"లేదమ్మా."
కండక్టర్ గొంతు కాదది.
దిగే స్టాపు దాటిపోయినోని గొంతు.

"ఉండది తియ్యిండ్రి," అని నవ్వింది.
ఆ నవ్వు డబ్బాలకెల్లి వచ్చి
కాలేజీ గోడకు తగిలింది.

నేను వైరు చుడుతుంటే
ఆమె అప్పుడే బంతిరెక్కలు ఊడుస్తున్నది.
"జర సేపు ఉండనియ్యమ్మా, ఇప్పుడే కద ఏసినం," అన్నరెవరో.
"ఉంటె జారి పడుతరు."

చిట్టీ రాసిన, ఒక గంట.
సాబ్ ఎప్పటి లెక్కనే చిల్లర తీసుకోలే.
"వచ్చే సాలు ఇంకో లైను రాయాలె," అన్నడు.
"ఏం రాస్తరు సాబ్?"
"గదే తెలుస్తలేదు."

బస్సు వచ్చింది.
ఇద్దరు ఎక్కిన్రు.
తొమ్మిది.